పౌరశాస్త్ర పాఠానికి ఏ మ్యూజియం, ఏ ఊరు? నెల్లూరు, ప్రకాశం జిల్లాల బడులకు ఒక పోలిక

మన రెండు జిల్లాల ఉన్నత పాఠశాలల్లో ఎక్స్‌కర్షన్ మాట వచ్చినప్పుడు ముందుగా వినిపించే పేర్లు శ్రీహరికోట, చెన్నై, విజయవాడ. మూడూ మంచి చోట్లే, పిల్లలు ఇష్టపడి వెళ్లేవే. అయితే బస్సు తిరిగి వచ్చిన తరువాత వాళ్ల నోటుపుస్తకాలు తెరిచి చూస్తే అందులో చరిత్ర ఉంటుంది, సైన్సు ఉంటుంది. గ్రామ పంచాయతీ, శాసనసభ, న్యాయస్థానం, పన్ను, ఓటు మాత్రం కనిపించవు. సాంఘిక శాస్త్రంలోని పౌరశాస్త్ర భాగాన్ని మనం తరగతి గదిలో ప్రశ్నలు, జవాబులుగా పూర్తి చేసి, బయటకు తీసుకెళ్లే అవకాశాన్ని పూర్తిగా చరిత్రకు వదిలేస్తున్నాం. ఏడాదికి ఒక్కసారి దొరికే ఆ అవకాశాన్ని ప్రభుత్వం ఎలా పనిచేస్తుందో చూపించడానికి వాడుకోదలచిన ఉపాధ్యాయుల కోసం, ప్రధానోపాధ్యాయుల కోసం ఈ పోలిక రాస్తున్నాను. ఆరు నుంచి పది తరగతుల పిల్లలను దృష్టిలో పెట్టుకున్నాను.

ఎంపికకు గీటురాయి

మ్యూజియం ఎంత పెద్దది, అందులో ఎన్ని వస్తువులున్నాయి అన్నవి పౌరశాస్త్రానికి పెద్దగా పనికొచ్చే లెక్కలు కావు. ఆ చోట ఎవరో తీసుకున్న ఒక నిర్ణయం కంటికి కనిపిస్తుందా అన్నదే నేను మొదట చూసే సంగతి. ఒక శాసన స్తంభం, ఒక పన్ను రసీదు, ఒక జెండా, ఒక తీర్మానాల పుస్తకం ఎదురుగా ఉన్నప్పుడు నాలుగు ప్రశ్నలు అడగవచ్చు: ఈ నిర్ణయం ఎవరు తీసుకున్నారు, ఆ అధికారం వారికి ఎక్కడి నుంచి వచ్చింది, అది ఎవరికి వర్తించింది, నచ్చనివారు ఏం చేయగలిగారు. ఈ నాలుగింటికీ పిల్లలు అక్కడే నిలబడి, ఉపాధ్యాయుడి సాయంతో జవాబు వెతుక్కోగలిగితే ఆ చోటు మన పనికి వస్తుంది. ఉదయగిరి కోట ఎంత గంభీరంగా ఉన్నా, దొనకొండ మండలంలోని చందవరం బౌద్ధ స్తూపం ఎంత ప్రాచీనమైనదైనా ఈ ప్రశ్నలకు అవి తేలికగా జవాబివ్వవు. వాటిని చరిత్ర పాఠానికే ఉంచుకోవడం మేలు. శ్రీహరికోట విషయంలోనూ నా అభిప్రాయం ఇంతే. అంతరిక్ష శాఖ కేంద్ర ప్రభుత్వంలో ఒక శాఖ అన్నది నిజమే గానీ, రాకెట్టు ముందు నిలబడిన పిల్లవాడికి బడ్జెట్ కేటాయింపుల గురించి చెబితే చెవికెక్కదు.

రెండో సంగతి, అక్కడున్నది పిల్లలు చదవగలిగేదిగా ఉండాలి, లేదా దాని తెలుగు పాఠం మన చేతిలో ఉండాలి. మూడోది ప్రయాణం. ఎనిమిది గంటలు బస్సులో కూర్చున్న పిల్లలు మ్యూజియంలో గంట సేపు కూడా శ్రద్ధగా నిలబడలేరు. ఖర్చును నేను నాలుగో స్థానంలో పెడతాను. తక్కువ ఖర్చుతో అయ్యే యాత్రలే ఈ పాఠానికి ఎక్కువగా పనికొస్తున్నందువల్ల దాని గురించి విడిగా బెంగపడవలసిన అవసరం రాదు.

చెన్నై: పెద్ద మ్యూజియం కన్నా కోట, కోట కన్నా ఒక ఇల్లు

నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరితే రాత్రికి తిరిగి రావచ్చు. ఒంగోలు నుంచైతే దాదాపు 300 కిలోమీటర్లు కాబట్టి ఒక రాత్రి బస తప్పదు. ఎక్కువ బడులు నేరుగా ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియానికి వెళతాయి. 1851లో మొదలైన ఆ మ్యూజియంలో అమరావతి శిల్పాలు, కంచు విగ్రహాలు, నాణేలు, తామ్ర శాసనాలు ఉన్నాయి. వీటిలో పౌరశాస్త్రానికి అక్కరకొచ్చేవి తామ్ర శాసనాలే: ఒక రాజు ఒక గ్రామాన్ని దానమిస్తూ ఏయే పన్నులు మాఫీ చేశాడో, ఎవరు సాక్షులో, ఎవరు దాన్ని ఉల్లంఘించకూడదో వాటిలో చెక్కి ఉంటుంది. కానీ ఆ లిపి పిల్లలు చదవలేరు. అన్ని గదులూ తిరిగేసరికి అలసిపోతారు, చివరికి డైనోసార్ బొమ్మ దగ్గర ఫోటో దిగడంతో యాత్ర ముగుస్తుంది. ఎగ్మూరు మ్యూజియాన్ని పౌరశాస్త్రం పేరుతో ఎంచుకోవద్దని నా సలహా.

అదే నగరంలో సెయింట్ జార్జి కోటలోని మ్యూజియం చిన్నదైనా మనకు ఎక్కువ ఉపయోగపడుతుంది. 1947 ఆగస్టు 15న కోట మీద ఎగరేసిన జాతీయ పతాకం అక్కడ భద్రంగా ఉంది. ఆ కోట ఆవరణలోనే తమిళనాడు శాసనసభ, సచివాలయం ఇప్పటికీ నడుస్తున్నాయి. 1946లో టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా (ఇప్పటి ముఖ్యమంత్రి వంటి పదవి) పనిచేసింది ఈ కోటలో నుంచే. ఒకప్పుడు మన జిల్లాల పన్ను, మన బడుల నిధులు, మన కాలువల మరమ్మతు ఇక్కడి సంతకాలతో నడిచేవని చెప్పినప్పుడు పిల్లలకు రాష్ట్రం అనే మాట మొదటిసారి ఒక హద్దుగా, ఒక పాలనగా అర్థమవుతుంది. కోట మ్యూజియానికీ, ఎగ్మూరు మ్యూజియానికీ శుక్రవారం సెలవు. తేదీ వేసుకునేటప్పుడు ఇది మరవకూడదు.

కోట చూశాక మైలాపూరు వైపు, రాయపేట హైరోడ్డులో ఉన్న పొట్టి శ్రీరాములు స్మారక భవనానికి వెళ్లడం తప్పనిసరి అని భావిస్తాను. 1952 అక్టోబర్ 19న ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం ఆయన దీక్షకు కూర్చున్నది ఇక్కడే, అప్పట్లో స్వాతంత్ర్య సమరయోధుడు బులుసు సాంబమూర్తి ఉన్న ఇంట్లో. 58 రోజుల తరువాత డిసెంబర్ 15 రాత్రి అక్కడే కన్నుమూశారు. డిసెంబర్ 19న ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటును నెహ్రూ ప్రకటించారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆ రాష్ట్రం ఏర్పడింది. మన పిల్లలకు ఈ తేదీలు నోటికి వస్తాయి. అయితే ఆ ఇంట్లో నిలబడినప్పుడు అడగవలసిన ప్రశ్న వేరు: రాష్ట్రాన్ని ఇచ్చింది దీక్షా, పార్లమెంటా? రాజ్యాంగంలోని 3వ అధికరణ ప్రకారం కొత్త రాష్ట్రాన్ని ఏర్పరచే అధికారం పార్లమెంటుది. అందుకే 1953లో ఆంధ్ర రాష్ట్ర చట్టం చేయవలసి వచ్చింది. ప్రజల ఒత్తిడి లేకపోతే ఆ చట్టం ఆనాటికి వచ్చేదా అన్న దాని మీద పదో తరగతి పిల్లలు గట్టిగా వాదించుకోగలరు. సమాఖ్య వ్యవస్థ పాఠానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మన జిల్లాకు దొరకదు. ఆ మహనీయుడి పేరునే 2008 నుంచి నెల్లూరు జిల్లా మోస్తున్నది.

రెండు రోజులు వెచ్చించగల బడులు కాంచీపురం దగ్గరి ఉత్తిరమేరూరును కూడా ఆలోచించవచ్చు. పదో శతాబ్దం తొలినాళ్లలో, చోళరాజు మొదటి పరాంతకుని కాలంలో అక్కడి గుడి గోడల మీద గ్రామసభ సభ్యులను ఎన్నుకునే నియమాలు చెక్కారు. అర్హుల పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేసి, ఒక పిల్లవాడి చేత తీయించేవారు. పదవిలో ఉండి లెక్కలు చూపనివాడు, వాడి బంధువులు మళ్లీ నిలబడటానికి అనర్హులు. ఈ నియమం వినగానే పిల్లలు తమ ఊరి సంగతులు చెప్పడం మొదలుపెడతారు. అయితే దీన్ని ప్రాచీన ప్రజాస్వామ్యమని పొగిడి వదిలేయకూడదు: భూమి, సొంత ఇల్లు, వేదజ్ఞానం ఉన్నవారికే ఆ అవకాశం, స్త్రీలకు, భూమి లేనివారికి చోటు లేదు. రాజ్యాంగంలోని 326వ అధికరణ ఇచ్చిన వయోజన ఓటు హక్కును దాని పక్కన పెట్టి చూపించగల ఉపాధ్యాయుడు ఉంటేనే ఆ దూరం వెళ్లడం సార్థకమవుతుంది.

విజయవాడ, వెలగపూడి

ఒంగోలు బడులకు విజయవాడ సుమారు 150 కిలోమీటర్లే కాబట్టి చెన్నై కన్నా ఇదే అనువైనది. బాపు మ్యూజియంగా పేరు మారిన పాత విక్టోరియా జూబిలీ మ్యూజియం ఒక పూట చాలు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం, ఆ సందర్భంలో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా సమర్పించడం ఇక్కడ చెప్పుకోవలసిన కథ. స్వరాజ్య మైదానంలో 2024 జనవరి 19న ప్రారంభించిన అంబేడ్కర్ స్మృతివనంలో 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం ఉంది; పీఠంలోని ప్రదర్శనశాల రాజ్యాంగ రచన పాఠానికి మంచి ఆరంభం అవుతుంది. విగ్రహం చూసి వెనుదిరగకుండా లోపలి ప్రదర్శనకు సమయం కేటాయించాలి.

వెలగపూడిలోని శాసనసభకు వెళ్లాలనుకునేవారు ఒక సంగతి గమనించాలి. సమావేశాలు జరుగుతున్న రోజున గ్యాలరీ పాసులు దొరికితే అది అమూల్యమైన అనుభవం. 175 మంది సభ్యుల సభలో ప్రశ్నోత్తరాల సమయం ఎలా నడుస్తుందో పిల్లలు కళ్లారా చూస్తారు. సమావేశాలు లేని రోజున అది ఖాళీ కుర్చీల హాలు మాత్రమే. సమావేశాల తేదీలు ముందుగా తెలియవు, పాసులు నియోజకవర్గ శాసనసభ్యుని ద్వారా అడగాలి, పెద్ద గుంపుకు దొరకడం కష్టం. దీన్నే నమ్ముకుని యాత్ర వేసుకోకుండా, కుదిరితే చూద్దామన్నట్టుగా పెట్టుకోవడం మంచిది.

ఢిల్లీలోని పార్లమెంటు మ్యూజియం, ప్రధానమంత్రి సంగ్రహాలయ మన బడులకు దూరాభారం. వాటి కోసం అప్పు చేసి మరీ తల్లిదండ్రులు డబ్బు కట్టే పరిస్థితి తీసుకురాకూడదు. రాజ్యాంగ సభ చర్చలు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. ప్రకాశం పంతులు, దుర్గాబాయి ఆ సభలో సభ్యులే. ఉపాధ్యాయుడు ఒక చర్చను ఎంచుకుని తెలుగులో చెప్పి చదివిస్తే తరగతి గదిలోనే సగం పని అవుతుంది.

మోటుపల్లి, చీరాల: పన్ను పాఠానికి ఒక రోజు

ఇక నేను మనసారా సిఫారసు చేసే యాత్రకు వస్తాను. 2022 జిల్లాల పునర్విభజనలో చీరాల, మోటుపల్లి ప్రాంతం బాపట్ల జిల్లాలోకి వెళ్లింది గానీ, 1970లో ఒంగోలు జిల్లా (ఇప్పటి ప్రకాశం) ఏర్పడినప్పటి నుంచి అప్పటిదాకా అవి మనవే. ఒంగోలు నుంచి చీరాల సుమారు 50 కిలోమీటర్లు. అక్కడ గాజు పెట్టెల్లో వస్తువులు పెట్టి టికెట్టు అమ్మే మ్యూజియం కోసం మనం వెళ్లడం లేదు. ఊరునే మ్యూజియంగా చదవాలి.

మోటుపల్లి కాకతీయుల కాలంలో పెద్ద రేవు పట్టణం. అక్కడి వీరభద్రస్వామి గుడి మండపంలో కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన శాసన స్తంభం ఉంది. దీన్నే మోటుపల్లి అభయ శాసనం అంటారు. దాని సారం ఇది: ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరిన ఓడలు తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకువస్తే, పూర్వపు రాజులు ఆ సరుకంతటినీ, బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలతో సహా, బలవంతంగా తీసుకునేవారు, ప్రాణం కన్నా ధనమే మేలని తలచి సముద్ర ప్రయాణపు ప్రమాదానికి ఒడిగట్టిన వర్తకులకు మేము దయతో నిర్ణీత సుంకం తప్ప మిగతాదంతా విడిచిపెడుతున్నాము. శాసనం ఏ సరుకు మీద ఎంత సుంకమో కూడా చెబుతుంది: మంచి గంధం, కర్పూరం, ముత్యాలు, పట్టు ఇలా ఒక్కొక్కటి.

స్తంభం మీది అక్షరాలు పిల్లలకు అర్థం కావు కాబట్టి దాని తెలుగు అనువాదాన్ని పెద్ద అక్షరాలతో రాసి, ఇద్దరికి ఒకటి చొప్పున ఇవ్వాలి. ఒకరు పూర్వపు రాజులు చేసిన పనికి గీత గీయాలి, మరొకరు ఈ రాజు ఇచ్చిన మాటకు గీత గీయాలి. ఆ తరువాత స్తంభం చుట్టూ నడిచి రాత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూడమనాలి. రేవులో దిగిన ప్రతి వర్తకుడికీ తెలిసేలా రాతిమీద చెక్కించడంలోనే పాలనకు సంబంధించిన మొదటి పాఠం ఉంది: సుంకం ఎంతో ముందే తెలిస్తే అధికారి ఇష్టారాజ్యం తగ్గుతుంది. రెండో పాఠం దానికి ఎదురుగా ఉంటుంది. ఇది రాజు దయతో ఇచ్చిన మాట. తరువాతి రాజు ఉపసంహరించుకుంటే వర్తకుడు వెళ్లి మొరపెట్టుకోవడానికి న్యాయస్థానం లేదు. ఇక్కడే రాజ్యాంగంలోని 265వ అధికరణను చదివించాలి. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ విధించకూడదని, వసూలు చేయకూడదని అది చెబుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ తేడా విప్పి చెప్పడానికి తరగతి గదిలో నాకు తెలిసి ఇంత తేలికైన దారి లేదు.

మధ్యాహ్నం భోజనం తరువాత చీరాల. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి పురపాలక సంఘంగా మార్చింది. ఏడాదికి సుమారు 4,000 రూపాయలున్న పన్ను భారం 40,000కు పెరిగింది. నేత పనితో, చిన్న వ్యాపారాలతో బతికే ఆ జనం మాకు మునిసిపాలిటీ వద్దని మొరపెట్టుకున్నారు, ఎవరూ వినలేదు. 1921 ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చి చెప్పిన మార్గాల్లో ఒకటి ఊరు విడిచి మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊరి జనంలో అత్యధికులు ఇళ్లకు తాళాలు వేసి, హద్దు అవతల రామనగరం పేరుతో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు ఎండకు, వానకు ఓర్చుకుని ఉన్నారు. తగాదాలు తీర్చుకోవడానికి తమలో తామే ఏర్పాట్లు చేసుకున్నారు. చివరకు నాయకుడు జైలుపాలై, జనం అలసిపోయి తిరిగి వచ్చారు, మునిసిపాలిటీ నిలిచింది.

ఈ ఓటమిని దాచకుండా చెప్పాలి. మోటుపల్లిలో రాజు మాట ఉంది, చట్టం లేదు. చీరాలలో చట్టం ఉంది, ప్రజల సమ్మతి లేదు. ఈ రెండూ ఒకే రోజున చూసిన పిల్లలకు మూడోది వారి ఇంట్లోనే దొరుకుతుంది. యాత్రకు ముందు రోజు ప్రతి ఒక్కరినీ ఇంటి పన్ను రసీదు ఒకటి అడిగి తెచ్చుకోమనాలి. చీరాలలో ఏదైనా చెట్టు నీడన కూర్చోబెట్టి ఆ రసీదు చూపించి, అందులో ఇంటి పన్ను ఎంత, గ్రంథాలయ సెస్సు ఎంత, నీటి పన్ను ఎంత అని చదివించాలి. దీన్ని విధించే పంచాయతీని మీ అమ్మానాన్నలు ఓటు వేసి ఎన్నుకున్నారు, నచ్చకపోతే అయిదేళ్లకు మార్చవచ్చు అని చెప్పినప్పుడు ఉదయం నుంచి చూసిన రెండు చోట్లూ ఆ కాగితంలో కలుస్తాయి. అద్దె ఇంట్లో ఉన్నవారి పిల్లల దగ్గర రసీదు ఉండదు కాబట్టి ఉపాధ్యాయులు కొన్ని నకళ్లు ముందుగా తీసి ఉంచడం మంచిది. ఏ పిల్లా ఖాళీ చేతులతో కూర్చోకూడదు.

పల్లిపాడు, మూలాపేట, దూబగుంట

నెల్లూరు వైపు బడులకు మోటుపల్లి కాస్త దూరం. అటువంటివారికి దగ్గరలో మూడు చోట్లున్నాయి, మూడూ మూడు రకాలు.

ఇందుకూరుపేట మండలం పల్లిపాడులో పెన్న ఒడ్డున ఉన్న పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని గాంధీజీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారు. అంటే బెజవాడ సమావేశం, చీరాల, పల్లిపాడు అన్నీ ఒకే వారంలోనివి. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దీన్ని నెలకొల్పారు. పొణకా కనకమ్మ చేయూత, దక్షిణాఫ్రికాలోని పార్సీ రుస్తుంజీ విరాళం దీనికి అండ. ప్రశాంతమైన చోటు, నెల్లూరుకు దగ్గర, చిన్న పిల్లలకు అనువైనది. ప్రభుత్వ యంత్రాంగం గురించి ఇక్కడ నేర్చుకోగలిగేది తక్కువ. ప్రభుత్వం ఆజ్ఞాపించకుండానే కొందరు మనుషులు తమకు తాము నియమాలు పెట్టుకుని ఒక సంస్థ నడపడం అంటే ఏమిటో ఆరు, ఏడు తరగతులకు చెప్పాలంటే దీన్నే ఎంచుకోవాలి.

నెల్లూరు పట్టణంలోని మూలాపేట వేణుగోపాలస్వామి గుడికి మన పిల్లలు పండగలకు వెళుతూనే ఉంటారు. ఆ గుడిలోకి దళితులను రానివ్వాలని 1946లో పొట్టి శ్రీరాములు నిరాహార దీక్ష చేశారన్నది వాళ్లలో చాలామందికి తెలియదు. ఇందుకు బస్సు అక్కర్లేదు, టికెట్టు అక్కర్లేదు. గుడి వెలుపల నిలబడి అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగంలోని 17వ అధికరణ చదివి, నాలుగేళ్ల ముందు ఒక మనిషి దీక్ష చేయవలసి వచ్చిన హక్కు 1950లో దేశమంతటికీ ఎలా చట్టమైందో చెప్పవచ్చు. తరగతిలో దళిత పిల్లలు ఉంటారని గుర్తుంచుకుని, దాన్ని ఎవరో ఒకరు ఇచ్చిన దయగా కాకుండా అందరి హక్కుగా చెప్పే ఓపిక ఉపాధ్యాయుడికి ఉండాలి. ఆ ఓపిక లేని రోజున ఈ పాఠం ఎత్తుకోకపోవడమే మంచిది.

దూబగుంట సంగతి వేరు. కలిగిరి మండలంలోని ఆ గ్రామంలో రాత్రి బడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు, వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలబడి, తమ ఊళ్లో సారా కొట్టు మూయించారు. 1992లో అది జిల్లా అంతటా పాకింది. నెల్లూరులో సారా వేలం పాటలు ఆడవాళ్ల నిరసనల వల్ల పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తివేశారు. ఒక గ్రామం, ఒక కలెక్టరు కార్యాలయం, ఒక ప్రభుత్వ ఉత్తర్వు, ఒక శాసనసభ చట్టం, దాని రద్దు: ప్రభుత్వంలోని మెట్లన్నీ వరుసగా కనిపించే ఉదాహరణ ఇది. ఊళ్లో చూడవలసిన భవనం ఏమీ లేదు. ఆ ఉద్యమంలో పాల్గొన్న పెద్దవాళ్లు ఎవరైనా మాట్లాడటానికి ఇష్టపడితే మాత్రమే, అదీ ముందుగా ఆ ఊరి ఉపాధ్యాయుల ద్వారా అడిగి, పదిహేను మందికి మించకుండా వెళ్లాలి. తొమ్మిదో తరగతికి ఇదే నా మొదటి ఎంపిక.

ప్రకాశం జిల్లాలో దీనికి జోడీగా వినోదరాయునిపాలెం ఉంది. ప్రకాశం పంతులు 1872 ఆగస్టు 23న పుట్టిన ఊరు. ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన ఆయన ప్రభుత్వం 1954 నవంబర్‌లో అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ ఊరికి వెళ్లినప్పుడు జీవిత చరిత్ర అప్పజెప్పడం కన్నా ఈ ఒక్క ఘట్టాన్ని పిల్లల చేత ఆడించడం మేలు: తరగతిలో 41 మంది ఉంటే 21కి 20 ఓట్లుగా విడగొట్టి, ఒక్కరు మనసు మార్చుకుంటే ప్రభుత్వం ఏమవుతుందో, ఆ తరువాత రాష్ట్రపతి పాలన, మధ్యంతర ఎన్నికలు ఎలా వస్తాయో వాళ్లే కనుక్కుంటారు. ఉప్పు సత్యాగ్రహ శిబిరం నడిచిన దేవరంపాడు కూడా ఈ వైపే ఉంది.

పనిచేస్తున్న కార్యాలయాలు

మ్యూజియం గతించిన నిర్ణయాన్ని చూపిస్తుంది. కార్యాలయం జరుగుతున్న నిర్ణయాన్ని చూపిస్తుంది. ఏ యాత్రకైనా ఈ రెండోది ఒకటి జోడించమని గట్టిగా చెబుతాను. అన్నిటికన్నా సులువైనది సొంత ఊరి పంచాయతీ కార్యాలయం. తీర్మానాల పుస్తకంలో ఒక పేజీ చూపించమని పంచాయతీ కార్యదర్శిని అడిగితే సాధారణంగా కాదనరు. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చిందనీ, పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయనీ పుస్తకంలో చదివిన పిల్ల, ఆ పేజీలో తన వీధి కాలువ మరమ్మతు తీర్మానం, కింద సర్పంచి సంతకం చూసినప్పుడు ఆ 29లో ఇది ఏదో తనే వెతుకుతుంది. గ్రామ సభ జరిగే రోజు కుదిరితే ఇంకా మంచిది. ఊళ్లో ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ ఆ సభలో సభ్యులే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామ సభలు జరిగాయి. అది ప్రకాశం పంతులు పుట్టినరోజు కావడం సంతోషం కలిగించే సంగతి.

కలెక్టరేటులో సోమవారాలు జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక చూడదగినదే గానీ, ఇక్కడ జాగ్రత్త అవసరం. భూమి తగాదాతో, పింఛను ఆగిపోయి, కష్టంలో వచ్చినవారి ముఖాల వంక యాభై మంది పిల్లలు చూస్తూ నిలబడటం సభ్యత కాదు. పది మందిలోపు పిల్లలతో, అనుమతి తీసుకుని, అర్జీ నమోదు చేసే బల్ల దగ్గర మాత్రమే ఉండి, ఒక అర్జీకి నంబరు ఎలా పడుతుందో, ఏ శాఖకు వెళుతుందో చూపించి తీసుకురావాలి. న్యాయస్థానానికి వెళ్లాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా అడగడం సరైన పద్ధతి. కింది కోర్టుల్లో సాక్షుల మాటలు తెలుగులో వినిపిస్తాయి కాబట్టి తొమ్మిది, పది తరగతుల పిల్లలు అనుసరించగలరు. పిల్లలపై నేరాల కేసులు వంటివి బహిరంగంగా విచారించరు; ఆ గదుల వైపు వెళ్లకూడదు.

ఎవరికి ఏది

ఆరు, ఏడు తరగతులకు సొంత పంచాయతీ కార్యాలయం, దానితోపాటు నెల్లూరు వారికి పల్లిపాడు, ప్రకాశం వారికి వినోదరాయునిపాలెం చాలు. ఎనిమిదో తరగతికి మోటుపల్లి, చీరాల. తొమ్మిదో తరగతికి దూబగుంట, కలెక్టరేటు. అది కుదరనిచోట న్యాయస్థానం. పదో తరగతికి నెల్లూరు వైపు బడులు చెన్నై కోటను, మైలాపూరు ఇంటిని, ఒంగోలు వైపు బడులు విజయవాడ స్మృతివనాన్ని ఎంచుకోవాలి. ఒకే ఒక యాత్రకు డబ్బున్న బడి ఏ తరగతి వాళ్లనైనా మోటుపల్లికే తీసుకెళ్లాలని నా అభిప్రాయం. దానికీ డబ్బు లేని బడికి మూలాపేట గుడి వంటి చోటు ప్రతి పట్టణంలోనూ ఒకటి ఉంటుంది, వెతకాలి.

కాలం విషయానికి వస్తే అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు మన తీరంలో ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫానులు ఉంటాయి. పదో తరగతి పరీక్షలు మార్చిలో. కాబట్టి పది వాళ్లకు ఆగస్టు, మిగతావారికి జనవరి అనుకూలం. శుక్రవారం మ్యూజియాలకు, రెండో శనివారం కార్యాలయాలకు వెళ్లే ఆలోచన మానుకోవాలి. మండల విద్యాశాఖాధికారి అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు, గుడి పూజారికి, సర్పంచికి ముందుగా రాసిన ఉత్తరం, ఆడపిల్లలకు తోడుగా ఉపాధ్యాయిని ఉండేలా చూడటం ఎప్పుడూ చేసే పనులే.

తిరిగి వచ్చిన వారంలో పిల్లల చేత వ్యాసం రాయించడం మన అలవాటు. వ్యాసానికి బదులు ప్రతి జట్టు చేత తమ ఊరికి సంబంధించిన ఒక నిర్ణయం గురించి సమాచార హక్కు దరఖాస్తు తయారు చేయించి, ఉపాధ్యాయుడి సంతకంతో పంపించడం నాకు మరింత సమంజసంగా తోస్తుంది. వీధి దీపాలకు పోయిన ఏడాది ఎంత ఖర్చయింది, బడి పక్కన కాలువ పని ఎవరికి అప్పగించారు వంటి చిన్న ప్రశ్నలు చాలు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 2005 నాటి చట్టం ప్రకారం జవాబుకు గడువు 30 రోజులు. జనవరి యాత్ర ముగిసిన వెంటనే దరఖాస్తు పెడితే సంవత్సరాంతపు పరీక్షలకు ముందే జవాబు పిల్లల చేతికి రావాలి. రాకపోతే పై అధికారికి అప్పీలు ఎలా రాయాలో నేర్పడానికి అప్పటికింకా పని దినాలు మిగిలే ఉంటాయి.